లోతు చెప్పిన గొంతు

మా గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తీరును బట్టి వచ్చినవాడు ఎలాంటివాడో నేను చెప్పేస్తాను. మనసులో ఏమీ లేనివాడు ఎలా పడితే అలా విడిచి లోపలికి వస్తాడు. శంకరరావు అనే ఆ మనిషి మొదటిసారి వచ్చినప్పుడు బూట్లు విప్పి, మొనలు వీధివైపు తిప్పి, పక్కపక్కన పొందికగా పెట్టాడు. అవసరమైతే కాళ్లు దూర్చుకుని పరుగెత్తేవాడి పద్ధతి అది. మా అమ్మ నన్ను అనుమానప్పక్షి అంటుంది. అననివ్వండి. మా ఆయన ధర్మరాజు నది అవతల సిరియం నూనె ఫ్యాక్టరీలో పని చేసేవాడు, కూలీల సంఘం మీటింగులకు వెళ్లేవాడు. ఇరవై ఆరో సంవత్సరంలో రంగూన్‌లో అలాంటి మగాడున్న ఇంట్లో ఆడది అనుమానించకపోతే ఇంకెవరు అనుమానిస్తారు?

వానలు వెనకబట్టి, తజౌంగ్‌మోన్ పున్నమి దగ్గరపడుతున్న రోజులవి. మా తెలుగువాళ్లకు అదే కార్తీక పున్నమి. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా వీధిలో సగం ఇళ్లు దీపాలకు వత్తులు చేసుకుంటాయి, సగం ఇళ్లు భిక్షువుల భోజనానికి బియ్యం ఏరుకుంటాయి. మా ఇంట్లో రెండూ జరుగుతాయి. మా అయ్య అచ్చెన్న భీమిలి పక్క పల్లె నుంచి వచ్చిన కళాసి. మా అమ్మ మ్యా మ్యా ఐరావతి ఎగువన, థయెట్‌మ్యో దాటాక ఉన్న పల్లెలో పుట్టిన బర్మా మనిషి.

ఆ మధ్యాహ్నం నేను పాపను ఊయల్లో వేసి ఊపుతున్నాను. మా ఇంట్లో జోలపాట ఒకటే. అయ్య నాకు పాడింది, నేను నా పెద్దపిల్లకూ ఇప్పుడు పాపకూ పాడుతున్నది.

"బారకీ నేదో... రెండు బారలకీ నేదో... లోతమ్మా లోతు..."

తల ఎత్తేసరికి శంకరరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పంచె, కోటు, చంకలో గొడుగు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. పాట అయ్యేదాకా పిలవకుండా వింటున్నాడంటే నాకు ఒళ్లు మండింది.

"ఎవులు గావాల?" అన్నాను.

"ఆ పాట మీకెవరు నేర్పారమ్మా?" అన్నాడు. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, ముందు అదే అడిగాడు.

అప్పటికి అయ్య వసారాలో కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనుతున్నాడు. ఓడల మీద పని మానేశాక అదే ఆయన కాలక్షేపం. శంకరరావు ఆయన ఎదురుగా చాప మీద కూర్చుని తన సంగతి చెప్పుకున్నాడు. తనది విశాఖపట్నం. మేమ్యోలో రిటైరై ఉంటున్న ఒక ముసలి నేవీ దొర దగ్గర గుమాస్తా. నలభై ఏళ్ల కింద బర్మా రాజు మీద యుద్ధానికి ఐరావతి ఎదురెక్కిన ఓడల దండు చరిత్రను దొర రాస్తున్నాడు. ముందు నడిచిన ఓడ ముక్కు మీద ఒక తెలుగు కుర్రాడు నిలబడి, వెదురు గెడ నీళ్లలో వేస్తూ లోతు కేకేసేవాడట. ఇసక మేటల మధ్య ఓడలు దిగబడకుండా వెళ్లడం వాడి చలవేనట. దొరకు వాడి పేరు తెలియదు. కోరంగి అని పిలిచేవారు. రంగూన్‌లో మనల్నందరినీ పిలిచే మాటే అది, అందులో పేరేముంది.

"ఆ మనిషి కోసం వెతుకుతున్నానండీ అచ్చెన్నగారూ. మీ వయసువాడే అయ్యుంటాడు."

"నాను కాదు బాబూ," అన్నాడు అయ్య. "ఆ గొడవలన్నీ అయిపోనాక వొచ్చినోణ్ని నాను."

శంకరరావు నమ్మినట్టే తలూపాడు. అమ్మ టీ తెచ్చి పెడితే తాగకుండానే లేచాడు. వెళ్తూ ఊయల వైపు ఇంకోసారి చూశాడు. నేను అయ్య వైపు చూశాను. ఆయన చేతులు ఆడుతూనే ఉన్నాయి గానీ, పొద్దుటి నుంచి పేనిన తాడును పోగు పోగుగా విప్పేస్తున్నాయి.

ఎదురింటి సన్యాసమ్మ ఆ సాయంత్రమే వచ్చి నా చెవిలో ఊదింది. "ముసిలోళ్లున్న ఇల్లల్లా దూరుతన్నాడే సూరమ్మా. ఓడలంటాడు, దొరలంటాడు. పాత ఓడల ఊసు ఎవుడికి గావాలే ఇప్పుడు? సీఐడీ గాడే. నీ మొగుడు జాగరత."

నాకూ అదే అనిపించింది. మా ఆయన పెట్టెలో దాచుకున్న సంఘం కరపత్రాలన్నీ తీసి పొయ్యిలో పెట్టేశాను. శనివారం ఆయన ఇంటికొచ్చి చూసుకుని చిందులు తొక్కాడు. "జైలు కూడు తినీకంటే పెళ్లాం మీద కేకలెయ్యడం మేలు కాదేటి," అని అన్నం వడ్డించాను. నోరు మూసుకుని తిన్నాడు.

కానీ అయ్య సంగతి అంతుపట్టలేదు. ఇల్లు కదలని మనిషి గడ్డం గీయించుకున్నాడు. పెళ్లిళ్లకు తప్ప తీయని నల్లకోటు తీసి ఎండలో వేశాడు. ఎక్కడికని అడిగితే ఓడరేవు కాడ పాత స్నేహితుణ్ని చూసొస్తానన్నాడు. పాత స్నేహితులందరూ పోయారని మొన్ననే ఏడ్చిన మనిషి! పాపను సన్యాసమ్మ చేతిలో పెట్టి, అయ్య వెనకాలే బయల్దేరాను.

ఆయన రేవు దాకా వెళ్లనే లేదు. దారిలో ఒక టీ దుకాణంలోకి తిరిగాడు. ఎవరి చేత కబురు పంపించాడో, బల్ల దగ్గర శంకరరావు కూర్చుని ఉన్నాడు. పక్కనే తమలపాకుల కొట్టు, మధ్యన వెదురు తడిక. ఆకులు బేరమాడుతున్నట్టు ఆ తడిక వెనక నిలబడ్డాను. సొంత తండ్రి మాటలు చాటు నుంచి వినడానికి సిగ్గనిపించలేదా అంటే, లేదు. భయమేసింది.

అయ్య గొంతులో నేను ఎన్నడూ వినని హుషారు. గెడకు మూరకొక రంగు గుడ్డ ఎలా కట్టేవాడో, నీళ్లలో వేసి తీస్తూ ఎలా పాడేవాడో చెబుతున్నాడు. ఉత్తినే కేకేస్తే ఇంజను రొదలో వినబడదు, అందుకని సాగదీసి పాడాలి. ఒక బార గెడ అడుగుకు తగలకపోతే బారకీ నేదో. రెండు బారలకూ తగలకపోతే ఇక భయం లేదు, లోతమ్మా లోతు. నా నిద్ర, నా పిల్లల నిద్ర అంతా ఆ కేకల మీదే నడిచిందని నాకు అప్పుడు తెలిసింది.

"పెద్ద కోట కాడ పొగమంచు బాబూ," అన్నాడు అయ్య. "ఎడం పక్కంతా ఇసక మేట. కుడి ఒడ్డు కాడ లోతున్నాదని నానే సెప్పినాను. ఓడని అటే తిప్పినారు. ఒడ్డు మీద గడ్డి వాసన తెలిసీటంత దగ్గర. అప్పుడు మా ఓడ మీంచి ఫిరంగి పేల్చినారు. ఆ పల్లి పేరు నాకు తరవాత తెలిసినాది. తబ్యేబిన్."

నా చేతిలో ఆకులు జారిపోయాయి.

తబ్యేబిన్ మా అమ్మ ఊరు. అమ్మకు ఒకే ఒక అన్న, మౌంగ్ మౌంగ్. తెల్లదొరల ఓడలు వచ్చిన రోజున పడవరేవు దగ్గర ఫిరంగి దెబ్బకు పోయాడు. ఏటా ఈ పున్నమికి అమ్మ భిక్షువులకు భోజనం పెట్టి, కూజాలోంచి చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ ఆ పుణ్యాన్ని అన్న పేరిట ధారపోస్తుంది. అయ్య పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సాధు అనే మాటను బర్మీవాళ్లు పలికే తీరులో, అందరికంటే గట్టిగా "తాదు, తాదు, తాదు" అంటాడు. ఆ గొంతు విని తెలుగువాడైనా ఎంత భక్తి అని వీధి వీధంతా మెచ్చుకుంటుంది.

శంకరరావు వెళ్లిపోయాక నేను తడిక చుట్టి వచ్చి అయ్య ముందు నిలబడ్డాను. 

"నీకు బుద్ధుందేటయ్యా? అమ్మ అన్నని సంపిన ఓడకి దారి సూపించీసి, అమ్మ పక్కనే కూకుని తాదు అంటన్నావా?"

"కూకోవే. గట్టిగా అరవకు." ఆయన చుట్టూ ఉన్న బల్లల వైపు చూశాడు. "పెళ్లినాడు నాకు తెలీదు. మొదటి ఏడు సాములకి బువ్వెట్టినపుడు ఊరి పేరు సెప్పినాది మీయమ్మ. ఆ పొద్దు నుంచీ ఆ ముద్ద గొంతులోనే ఉండిపోనాది."

"మరి ఇన్నేళ్లు మింగినోడివి ఈడి కాడ ఎందుకు కక్కినావు?"

అయ్య చల్లారిన టీని పక్కకు జరిపాడు. తర్వాత, "దొర నా పాట మరిసిపోనేదంట," అన్నాడు. "పేరు తెలీదు గానీ పాట గురుతున్నాదంట. బతుకంతా మోసినాను, తోసినాను, ఒక్కడూ నా పేరడగనేదే సూరీ. పుస్తకంలో నా పేరు ఏస్తారంట. నాకు ఆశ పుట్టినాది."

ఆయన మీద జాలేసింది. కోపమూ తగ్గలేదు. అమ్మకు తెలిస్తే ఆ ఇంట్లో ఇంకో పూట ఉండదని నాకు గట్టిగా తెలుసు. చచ్చిపోయిన అన్న కోసం ఏడాది పొడవునా గింజగింజ దాచే మనిషి ఆమె. ఇక ఆ గుమాస్తా ముఖం చూడనని అయ్య చేత పాప మీద ఒట్టు వేయించాను. అమ్మ చెవిన పడకుండా చూసే పూచీ నాదన్నాను.

ఆ పూచీ రెండు రోజులు కూడా నిలబడలేదు. బజారులో చేపల వరస దగ్గర అమ్మ, శంకరరావు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను అడుగు ముందుకు వేసేలోపు అతను వంగి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

"ఆడు నీతో ఏటన్నాడే అమే?" అని అడిగాను. అమ్మను బర్మీలో అమే అనే పిలుస్తాను, మిగతా మాటలు ఏ భాషలో వస్తే ఆ భాష.

"ఏం అనలేదు. పున్నమి ముందురోజు ఇంటికి రమ్మన్నాను."

"ఎందుకు?"

"వచ్చినవాడు టీ తాగకుండా వెళ్లిపోయాడు కదా," అని చేప మొప్పలు ఎత్తి చూడడంలో పడిపోయింది.

టీ కోసమట! అమ్మ నా కళ్లలోకి చూడకుండా మాట్లాడటం అదే మొదలు. అప్పటిదాకా గుమాస్తాను అనుమానించాను, అయ్యను అనుమానించాను. ఆ రోజు నుంచి అమ్మను కనిపెట్టడం మొదలుపెట్టాను. బియ్యం ఏరుతూ ఆగిపోయేది. అయ్య అటు తిరిగినప్పుడు ఆయన వీపు వైపు చూసేది. ఆ ఏడు వంట సామాను ఎప్పటికంటే ఎక్కువే తెచ్చింది. ఆమెకు తెలిసిందా, తెలియలేదా? తెలిస్తే ఎందుకు అరవదు? తెలియకపోతే ఆ చూపేమిటి? నాకు అన్నం సహించడం మానేసింది.

పున్నమి ముందురోజు శంకరరావు చెప్పిన వేళకే వచ్చాడు. బూట్లు మళ్లీ అలాగే వీధివైపు పెట్టాడు. అమ్మ ఊరబెట్టిన తేయాకు, వేయించిన పప్పులు, నువ్వులు వేసిన పళ్లెం అతని ముందు పెట్టి, తనూ కూర్చుంది. అయ్య గోడకు జారగిలబడి తల ఎత్తడం లేదు.

"అచ్చెన్నగారూ," అన్నాడతను, "మొన్న టీ దుకాణంలో చెప్పిన పాట ఇంకోసారి..."

"ఏ టీ దుకాణం?" అన్నాను నేను. "మా అయ్య ఇల్లు కదల్నేదు. నువ్వెవుల్ని సూసి ఎవులనుకున్నావో. ఎల్లు బాబూ, మాకు పనున్నాది."

శంకరరావు బిక్కముఖం వేశాడు. అప్పుడు అమ్మ, ఎవరి వైపూ చూడకుండా, సన్నగా అందుకుంది.

"బారకీ నేదో... రెండు బారలకీ నేదో..."

పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోట ఆ పాట నేను వినలేదు. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు. అయ్య తల ఎత్తాడు. ఆ ముఖం చూడలేక నేను ఊయల తాడు పట్టుకున్నాను.

"ఆ మనిషి ఈయనే," అంది అమ్మ గుమాస్తాతో, అయ్య దగ్గర నేర్చుకున్న తెలుగులో. "నానిన్నాను. ఒడ్డు మీద ఉన్నాను."

తర్వాత బర్మీలోకి మారింది. మాతో చెప్పాల్సింది ఆమెకు ఆ భాషలోనే వస్తుంది. అప్పటికి తనకు పన్నెండేళ్లు. సిపాయిలు పడవ లాక్కుపోతారని, దాన్ని విప్పి వాగులో దాచడానికి అన్నతో పాటు రేవుకు వెళ్లింది. పొగమంచులో ఓడ కనబడలేదు. ముందు పాట వినబడింది. ఇద్దరూ గడ్డిలో పడుకున్నారు.

"ఎవరో పాడుతున్నారే, అన్నాడు మౌంగ్ మౌంగ్. బాగుందన్నాడు. ఎవరో చూస్తానని లేచి నిలబడ్డాడు."

అయ్య గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఫిరంగి సంగతి ఆయనకు తెలుసు. ఇది తెలియదు.

"నీకెప్పుడు తెలిసిందే?" అన్నాను. 

"నువ్వు ఊయల్లో ఉన్నప్పుడు. మొదటిసారి నిన్ను ఊపుతూ ఈయన ఆ పాట ఎత్తుకున్నాడు. నా చేతిలో గిన్నె కింద పడిపోయింది. ఆ సాయంత్రమే మూట కట్టుకుని, నిన్ను చంకనేసుకుని రైలు స్టేషన్‌కు వెళ్లిపోయాను. పయీ దాకా రైలు, ఆ పైన పడవ. మా ఊరు పోదామనే. నువ్వు ఏడుపు ఎత్తుకున్నావు. పాలిచ్చాను, భుజాన వేసుకుని తిప్పాను. ఆపలేదు. జనం చూస్తున్నారు. ఆఖరికి నేనే ఆ పాట పాడాను. నిద్రపోయావు."

అమ్మ పళ్లెంలో చిందిన నువ్వులను వేలితో ఒకచోటికి చేర్చింది.

"ఇంటికి వచ్చేశాను," అంది.

ముగ్గురిని అనుమానించాను నేను. నిద్రపోతున్న నన్ను, నేను పాడుతున్న పాటను ఒక్కసారీ అనుమానించలేదు. ఇద్దరు పిల్లలకు, ఏళ్ల తరబడి, ఆమె ఎదురుగా కూర్చునే పాడాను. ఆమె వంటింట్లో పని చేసుకుంటూ వింది. నాకు ఏడుపు ఆగలేదు.

శంకరరావు గొంతు సవరించుకున్నాడు. పాపం, అతను సీఐడీ కాదు, చేతిలో పెన్సిల్ ఉన్న మామూలు మనిషే. "అచ్చెన్నగారూ, మీ పేరు పుస్తకంలో తప్పకుండా వస్తుంది," అన్నాడు.

అయ్య మొదటిసారి నోరు విప్పాడు. "మౌంగ్ మౌంగ్ పేరు ఏస్తారా బాబూ? నా పేరు పక్కన?"

"అది ఓడల దండు చరిత్ర తాతా. ఓడల్లో ఉన్నవాళ్ల పేర్లే..."

"అయితే కోరంగోడు అనే ఉంచీమనండి దొరగోర్ని. నా పేరు తెలీనేదని సెప్పండి."

"దొరగారు చాలా సంతోషిస్తారు తాతా, ఒకసారి ఆలోచించి..."

"తెలీనేదని సెప్పు బాబూ," అన్నాడు అయ్య, దణ్ణం పెడుతూ.

శంకరరావు లేచాడు. అంత పొందికగా పెట్టుకున్న బూట్లు తొడుక్కోకుండానే, చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు.

మర్నాడు భిక్షువులు వచ్చారు, భోజనం చేశారు. నీళ్లు ధారపోసే వేళకు అమ్మ కూజా ఎత్తి అయ్య చేతిలో పెట్టింది. ఆయన వెనక్కి తగ్గాడు. ఆమె వేళ్లు పట్టి కూజా చుట్టూ ఆనించింది. నీళ్లు చుక్కలుగా పడలేదు, ఒక్కసారే ఒలికి చాప తడిసింది. "మౌంగ్ మౌంగ్‌కి," అన్నాడు అయ్య. ఆ పేరిట ఆయన నీళ్లు ధారపోయడం నేను అంతకుముందు చూడలేదు. ఆ ఏడు తాదు అన్నది అమ్మ, నేను, సన్యాసమ్మ. 

అందరూ వెళ్లాక పాప ఏడుపు మొదలుపెట్టింది. నిద్రవేళ దాటిపోయింది. ఊయల ఊపుతున్నాను గానీ నోరు తెరవలేకపోయాను. వచ్చిన ముక్కలు ఏవేవో పాడాను, తెలుగులో, బర్మీలో. పాప ఇంకా గుక్కపట్టింది. అయ్య లేచి వసారాలోకి వెళ్లబోయాడు.

అమ్మ అంట్లు తోముతున్నదల్లా చేతులు కడుక్కుని వచ్చింది.

"కో అచ్చెన్నా," అంది బర్మీ మర్యాద పిలుపుతో, "బిడ్డకి నిద్దరొస్తన్నాది. పాడు."

అయ్య ఊయల పక్కన చతికిలబడ్డాడు. బారకీ నేదో అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. రెండో చరణం అమ్మ అందుకుంది.